తొలి బస్సు ఎవరి పుణ్యం?

“బస్సెందుకు రావట్లేదని అడిగేవాళ్లను రోజూ చూస్తాను. ఎందుకొచ్చిందని అడిగింది మాత్రం మీరొక్కరేనమ్మా!” అన్నాడు రవాణా సంస్థ సమాచార అధికారి.

వంటక్క సిగ్గుపడింది. ఆసుపత్రి వంటశాలలో ఆమెది తెల్లవారుజాము పని. రోగులకు పొద్దుటి గంజి ఆమె చేతిమీదుగానే ఉడకాలి. మొన్నమొన్నటిదాకా ఆ వేళకు వాళ్ల వీధికి బస్సు లేదు. జీతంలో సగం ఆటోకే పోయేది. చేతిలో డబ్బాడనప్పుడు చీకట్లో నడక. ఒకసారి కుక్కలు వెంటబడితే పడి మోకాలు పగలగొట్టుకుంది. ఇక పని మానేద్దామనుకుంటుండగా, అడగని వరంలా తొలి బస్సు వచ్చింది.

“ఎవరో పుణ్యాత్ముడు అర్జీ పెట్టాడని కండక్టరు చెప్పాడండీ. ఆయనెవరో తెలిస్తే ఓ దణ్ణం పెట్టుకుంటాను. అందుకే సమాచార హక్కు కింద దరఖాస్తు రాయించాను.”

ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది హారన్. ఆటో నడుపుతాడు. నోరు విప్పితే వీధంతా వినబడుతుందని అతనికా పేరు. ఇన్నాళ్లూ ఆమెను ఆసుపత్రి దగ్గర దింపింది అతనే. బస్సొచ్చాక అతని పొద్దుటి బేరం పోయిందని ఆమెకు లోలోపల బాధే. దారంతా సణుగుతూనే ఉన్నాడు.

“నా పొట్టకొట్టిన మహానుభావుడెవరో నాకూ చెప్పక్కా! నీ దణ్ణం అయ్యాక నా తిట్లు మొదలెడతా.”

“నోర్ముయ్యరా తమ్ముడూ! ఆయన చల్లగా ఉండాలి.”

“ఉంటాడులే, ఆయనకేం!” అంటూ గేటు దగ్గర ఆటో ఆపేశాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు.

అధికారి ఫైలు తిరగేశాడు.

“ఏడాదిపాటు ఈ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడమ్మా. ‘వంటమనిషి రాకపోతే ఆసుపత్రిలో అందరూ పస్తే సార్’ అని మా మేనేజరు ప్రాణం తోడేశాడు. పేరు చెప్పాలంటే ఆయన ఒప్పుకోవాలి కదా? మొదట ససేమిరా అన్నాడు. నిన్న మళ్లీ ఫోన్ చేస్తే, ‘ఆమె వదిలేలా లేదు, చెప్పేయండి సార్’ అన్నాడు.”

వంటక్క కళ్లు చెమ్మగిల్లాయి.

“ఎక్కడుంటాడు బాబూ? ఎంత దూరమైనా వెళ్తాను.”

అధికారి నవ్వి, కిటికీ రెక్క తోశాడు.

“గేటు దగ్గర ఆటోలో కూర్చున్నాడుగా, ఆయనే.”