పుల్ల సంఘం

అడవిలో పనివాళ్ళకో సంఘం ఉండేది. అధ్యక్షుడు తాబేలు తాత. సంఘం ఆస్తల్లా ఒక వెదురు పుల్ల. ఎవరేం చేసినా దాంతోనే కొలవాలి.

"పుల్ల చుట్టూ కూర్చుని మీటింగులా? కొలుచుకోడానికి నాకు కాళ్ళు లేవూ?" అని వడ్రంగిపిట్ట సంఘంలో చేరలేదు. దాని స్నేహితుడు కుమ్మరిపురుగూ చేరలేదు.

చిలకమ్మ గుడ్లు పెట్టే వేళకి ఆకాశం మబ్బేసింది. వడ్రంగిపిట్ట గబగబా తొర్ర తొలిచి, "గుమ్మం మూడడుగులు. మట్టి తలుపు చెయ్యరా!" అంది. కుమ్మరిపురుగు తన కాళ్ళతోనే మూడడుగులు కొలిచి తలుపు తెచ్చింది.

చిలకమ్మ దాన్ని నుదుటికి ఆనించి చూసుకుంది. "బొట్టుబిళ్ళ బావుంది నాయనా. తలుపేదీ?"

ఉరిమింది. వడ్రంగిపిట్ట తాబేలు దగ్గరికి ఎగిరింది. "తాతా, ఒక్కసారి ఆ పుల్ల ఇవ్వవూ?"

"పుల్లొక్కటే ఏం చేసుకుంటావే?" అని తాబేలు సంఘాన్నంతా పిలిచింది. గిజిగాడు పుల్లతో గుమ్మం కొలిచింది. చెదపురుగులు మట్టి మోశాయి. కుమ్మరిపురుగు మెత్తింది. తొలి చినుకు పడేసరికి గుమ్మానికి తలుపు బిగిసింది, లోపల చిలకమ్మ గుడ్డు పెట్టింది.

మర్నాటి మీటింగులో, కొలతల్లేని పని ఎంత ప్రమాదమో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది వడ్రంగిపిట్టే.