నూట ఇరవై గ్రాముల కెమెరా

“ఈ ఇనప్పెట్టెను నేను కొండెక్కించాలా? నా వల్ల కాదక్కా!” అన్నాడు లైల్, చనిపోయిన తండ్రి కెమెరాను ఎలక్ట్రానిక్ కాటా మీద పెడుతూ.

ఎక్కవలసింది అమెరికాలో ఉత్తరపు కొసనున్న కటాడిన్ కొండ. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోగా దిగిరావచ్చు. ఆ ఒక్కరోజు భాగ్యానికి లైల్ టూత్‌బ్రష్ పిడిని సగానికి కోశాడు. చొక్కాల మెడ వెనక ఉండే లేబుళ్లు కత్తిరించాడు. కొండ కింద ప్రయాణికులు దిగే హాస్టల్ వంటింట్లో బల్ల ఆక్రమించి, గంట నుంచి సంచిలోని ప్రతి వస్తువునూ తూస్తున్నాడు. బెల్టు మీదుగా వేలాడుతున్న పొట్టను తూయడం మాత్రం ఎందుకో ఆయనకు తోచలేదు.

“చూడు, వెయ్యీ పది! దీంతోపాటు వచ్చిన పుస్తకంలో తొమ్మిదివందల ఎనభై అని రాసుంది. మిగతా ముప్పై గ్రాములూ ఏంటంటావ్?”

“ఏమో,” అంది కోరిన్, కాఫీ కప్పులోకి చూస్తూ.

“దుమ్ము! నాన్న ఏనాడైనా దీన్ని తుడిచాడా? ముప్పై గ్రాముల దుమ్ము కూడా నేనే మొయ్యాలా?”

“ఒక్కరోజే కదరా. పైన నాన్న కెమెరాతోనే ఫొటో తియ్యాలి. ఆయన అడిగింది అదొక్కటేగా.”

“అడగడానికేం, నోటికి బరువా?” అంటూ లైల్ జేబులోంచి ఇంకో కెమెరా తీశాడు. అంతా ప్లాస్టిక్కే. ప్రయాణాలకు పనికొచ్చే రీలు కెమెరాలు పదకొండింటి బరువులు పట్టిక వేసి, నెల రోజులు నిద్ర మానుకుని ఎంచుకున్నది. “నూట ఇరవై గ్రాములు! మెళ్లో ఉన్నట్టే తెలీదు.”

“ఫొటోలో మనం ఉన్నట్టు తెలుస్తుందా?”

“ఫోకస్ చేసే బాధ కూడా లేదు తెలుసా!”

“చెయ్యడానికి వీల్లేదని చెప్పు.”

లైల్ ఆ మాట విననట్టు నటించాడు. “అది సరే, నాన్న బూడిద ఎంత తెచ్చావ్? అంతా తెచ్చావా ఏంటి కొంపదీసి? చెంచాడు చాలక్కా. చల్లేటప్పుడు ఎవరు కొలుస్తారు? ఇలా ఇవ్వు, తూద్దాం.”

కోరిన్ కప్పు ఠపీమని బల్ల మీద పెట్టింది.

“నాన్న సంగతి నేను చూసుకున్నాను. నువ్వేం తూయక్కర్లేదు. చిన్నప్పుడు కాళ్లు నొప్పులని ఏడిస్తే నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఇదే కొండ ఎక్కించాడు. ఆరోజు నిన్ను కాటా మీద పెట్టాడా? నువ్వా కెమెరా మొయ్యి, చాలు. నీ సంచిలోనే ఉండాలి. రీలు పైకెళ్లాక వేద్దాం, ఈలోగా మూత తియ్యకు.”

ఆమె కళ్లలో నీళ్లు చూసి లైల్ కరిగిపోయాడు. “సరేలే, మోస్తాలే,” అన్నాడు. కోరిన్ ముక్కు తుడుచుకుని కారు తీయడానికి వెళ్లింది.

ఆయన కరిగిన మనసు కారు స్టార్టయ్యేలోగా మళ్లీ గడ్డకట్టింది. వంటింటి మూల పెద్ద అట్టపెట్టె ఉంది. కొండలు ఎక్కేవాళ్లు బరువనుకున్నవి అందులో పడేస్తారు. కావలసినవాళ్లు తీసుకుంటారు. తీసుకున్నవాళ్లదే ఆ వస్తువు, మళ్లీ అడగడాలు ఉండవు. సగం తిన్న వేరుశనగ వెన్న డబ్బాకూ చిల్లుపడ్డ మేజోళ్లకూ మధ్య లైల్ తండ్రి కెమెరాను భద్రంగా పడుకోబెట్టాడు.

“అయ్యో, అది నేను తీసుకోవచ్చా?” అంది తలుపు దగ్గర నిలబడ్డ ఇరవయ్యేళ్ల అమ్మాయి. పెట్టిన పేరేదో గానీ, తోటి నడకవాళ్లంతా ఆమెను బిస్కట్ అనే పిలుస్తారు. నిన్ననే శిఖరం చూసి వచ్చింది. ఇవాళ దేశానికి దక్షిణాన ఉన్న జార్జియాకు బయల్దేరుతోంది, నడిచే. మూడున్నర వేల కిలోమీటర్లు.

“కిలో పైనే ఉంది తల్లీ, మెడ విరుగుతుంది.”

“విరిగితే విరగనీ! ఇంత మంచి కెమెరా ఎవరిస్తారు?” అంటూ మెళ్లో వేసుకుని గంతులేస్తూ వెళ్లిపోయింది.

బరువు తగ్గింది, దానమూ అయింది. ఖాళీ అయిన చోట లైల్ మూడు శాండ్‌విచ్‌లు సర్దుకున్నాడు. వాటిని తూయలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ శిఖరం చేరారు. గాలి చెవులు కోసేస్తోంది. కొయ్య బోర్డు దగ్గర ఫొటోల కోసం జనం వరసలో ఉన్నారు. తమ వంతు రాగానే లైల్ తన ప్లాస్టిక్ కెమెరాతో అక్కను టకటకా నాలుగు తీశాడు.

“ఇక నాన్న కెమెరా తియ్యి,” అంది కోరిన్.

లైల్ ఒకసారి దగ్గి, గొంతు సవరించుకున్నాడు. “కోప్పడకక్కా. దాన్ని ఆ అట్టపెట్టెలో వేసేశాను. ఒకమ్మాయి ఎంత సంతోషంగా తీసుకెళ్లిందనుకున్నావ్! జార్జియా దాకా నడుస్తుందట పాపం. కెమెరాదేముంది, నాన్న ముఖ్యం గానీ. ఏదీ, బూడిద తియ్యి.”

కోరిన్ ఉన్నచోటే రాతి మీద కూలబడింది.

“పోయేముందు నాతో అన్నాడురా, ‘వాణ్ని నేను మోశాను, ఒక్కసారి నన్ను వాడు మోస్తే చూడాలనుంది’ అని. చెబితే కాటా మీద పెడతావని నీకు చెప్పలేదు.”

“ఏం చెప్పలేదు?”

“కెమెరా వెనక మూత తీసి, రీలు పెట్టే చోట చిన్న పొట్లం కట్టి పెట్టాను,” అంది కోరిన్. “పొద్దున నువ్వు తూశావే, ముప్పై గ్రాముల దుమ్ము... అది నాన్నేరా!”