బ్రేకుల పరీక్ష

ఇంటినుంచి తెచ్చుకున్న పానాతో, తన పాత ఫియట్‌కు కొత్తగా వేసిన వెడల్పు చక్రాల నట్లను సుందరరావు మూడోసారి బిగించి చూశాడు. మెకానిక్ బిక్షపతి షెడ్డు తలుపు మీద ‘జై తెలంగాణ’ అని రాసి ఉంది.

“నువ్వు కొత్తగా వేసిన డిస్క్ బ్రేకులు పడతాయా?”

“పడ్తయి సార్.”

“ఏమో. ఆంధ్రావాళ్లంటే మీకిప్పుడు గిట్టదు కదా.”

బిక్షపతి చేతులు తుడుచుకుని, షెడ్డు ముందు ఖాళీగా ఉన్న యూనివర్సిటీ క్యాంపస్ రోడ్డు మధ్యకు వెళ్లి కారుకు ఎదురుగా నిలబడ్డాడు.

“జోరుగ రాండ్రి సార్. నా ముంగట ఆపుండ్రి.”

“నేను బ్రేకు తొక్కకపోతే?”

“మీరు తొక్కుతరని నాకెరుకే సార్.”

సుందరరావు కారెక్కి కూర్చున్నాడు కానీ తాళం తిప్పలేకపోయాడు. బిక్షపతిని దగ్గరికి పిలిచి, పానా కిటికీలోంచి అతనికి అందించి, పక్క సీట్లోకి జరిగాడు.

“ఇది నీ షెడ్డులో పెట్టిరా. తార్నాక దాకా నువ్వే నడుపు.”