తడిసిన ఆకువక్క

డాక్టరమ్మ మందులతో పాటు ఒక తెల్ల కాగితం కూడా ఇచ్చింది.

"రోజూ వచ్చే ఆ కలను దీని మీద రాయించు. చివర మాత్రం నీకు నచ్చినట్టు మార్చు. మార్చిన కలను రోజూ పగటిపూట చెప్పుకో" అంది.

సాయన్న బయటికొచ్చి కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కృష్ణ ఏట్లో ఇరవై ఏళ్లు పుట్టి పడవ నడిపినవాడే గానీ, అక్షరం ముక్క రాదు.

"ఇటియ్యి, నేను రాస్త" అన్నాడు బెంచీ మీద పక్కనే కూర్చున్న ముసలాయన. పేరు కృష్ణయ్య అన్నాడు. జేబులో పెన్ను ఉంది.

సాయన్నకు సిగ్గేసింది. కానీ పది నెలలుగా కంటి మీద కునుకు లేనివాడికి సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది?

"పుట్టి నిండింది. ఒక పెద్దమ్మ ఒడ్డున నిలబడ్డది. 'ఒక్కదానివే గదా, రా' అని నేనే పిలిస్తి. నడుమ ఏట్ల గాలి లేసింది. పుట్టి బోర్ల పడ్డది. అందరు బయటపడ్డరు. ఆమె చెయ్యి నాకు దొరికింది..."

"దొరికినంక?"

"జారింది. ఈ పిడికిట్ల పచ్చగాజు ముక్క మిగిలింది. పండుకుంటే చాలు, గిదే కల."

పెన్ను ఆగిపోయింది.

"ఏంది పెద్దయ్యా, రాస్తలేవు?"

"పెన్ను సతాయిస్తుంది" అని విదిలించాడు కృష్ణయ్య. చాలాసేపు విదిలించాడు.

ఆమె పేరు తిరుపతమ్మ అని పోలీసుల నోట విన్నాడు సాయన్న. ఆ ఇంటికి పోయి కాళ్ల మీద పడాలని ఎన్నోసార్లు బయలుదేరి, ఏటి ఒడ్డునున్న బీచుపల్లి కూడా దాటకుండానే తిరిగొచ్చాడు. ఆ పేరు ఎవరి ముందూ పలకలేదు. ఈ ముసలాయన ముందు కూడా పలకలేదు.

"చివరికి ఏం రాయాలె?" అడిగాడు కృష్ణయ్య.

"నాకేం తెల్వదు. సచ్చినామె ఎట్ల బతుకుతది?"

కృష్ణయ్య కాగితాన్ని తొడ మీద సర్దుకున్నాడు. తర్వాత గబగబా రాసి, చదివి వినిపించాడు.

"ఆమె ఒడ్డుకొచ్చింది. కొంగు పిండుకుంటుంది. నిన్ను తిడ్తుంది. 'నా ఆకువక్క సంచంత తడిసిపాయె! నీ పుట్టి పాడుగాను, నీకెందుకురా ఈ పని, పోయి బర్లు కాసుకోపో!'"

సాయన్నకు నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది.

"గట్ల తిడ్తదా?"

"తిట్టక ముద్దు చేస్తదా?"

మళ్లీ మంగళవారం ఇద్దరూ అదే బెంచీ మీద కలిశారు.

"నిద్ర పట్టిందా సాయన్నా?"

"లేదు పెద్దయ్యా. కట్టుకొనే పండుకుంటున్న."

చొక్కా చేయి పైకి లాగి చూపించాడు. కాగితాన్ని మడత మీద మడత పెట్టి, రాగి తాయెత్తులో కూరి, దండకు కట్టుకున్నాడు. ఆంజనేయస్వామి పాదాల దగ్గర పెట్టి మరీ కట్టించుకున్నాడట.

కృష్ణయ్య నుదురు కొట్టుకున్నాడు.

"తాయెత్తు గాదయ్యా ఇది! నోటితోని చెప్పాలె. నా ఎన్క చెప్పు."

ఆనాటి నుంచి ప్రతి మంగళవారం ఆ ముసలాయన చెప్పడం, సాయన్న బడిపిల్లాడిలా అప్పజెప్పడం. మిగతా కల తప్పినా ఊరుకునేవాడు గానీ, తిట్టు దగ్గర మాత్రం ఒక్క మాట పోనిచ్చేవాడు కాదు.

"బర్లు మర్చిపోయినవ్. మల్ల చెప్పు."

ఆరో మంగళవారం సాయన్న పల్లీల సంచి పట్టుకొని వచ్చాడు. ముందు రోజు రాత్రి కలలో పుట్టి మునిగింది. కానీ పెద్దమ్మ ఒడ్డెక్కింది, కొంగు పిండుకుంది, కడుపారా తిట్టింది. తెల్లారి ఎండ మొహం మీద పడేదాకా అతనికి మెలకువ రాలేదు.

బెంచీ ఖాళీగా ఉంది.

"ఆయన ఇంక రాడన్నా" అంది నర్సు తేజస్విని. "మొన్న శుక్రవారం గుండె ఆగి పోయిండు."

సాయన్న సంచిని ఒళ్లో పెట్టుకొని ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.

"ఆయనకు ఏం బీమారి ఉండె బిడ్డా?"

"నీ బీమారే. నిద్ర లేదు. కల మార్చి రాసుకోమని డాక్టరమ్మ ఎంత చెప్పినా ఒప్పుకోలే. 'కలలనన్న కనబడ్తది, ఉండనియ్యి' అంటుండె."

సాయన్నకు ఆ మాట అర్థం కాలేదు.

"అన్నా, నీకు నిద్ర పట్టిందా?"

"పట్టింది" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"అయితే ఇది చదివి వినిపించమని పోయిన మంగళారమే నాకిచ్చిండు. పట్టకపోతే చింపెయ్యమన్నడు."

ఆమె డ్రాయరు లోంచి మడత కాగితం తీసి చదివింది:

"సాయన్నా, నువ్వు పిలువకున్నా ఆమె ఆ పుట్టి ఎక్కేదే, గంత తొందర మనిషి. ఆ తిట్టు నేను అల్లింది గాదు; నలభై ఏండ్లు మా తిరుపతమ్మ నన్ను గట్లనే తిట్టింది."