చచ్చిన చెయ్యి

చెంబెడు నీళ్ళు మీద పడగానే వీరరాఘవమ్మ వీధి దాకా వినబడేలా కేక పెట్టింది.

"నీళ్ళా ఇవి, నిప్పులా ధనలక్ష్మీ?"

"బావి నీళ్ళే అత్తయ్యా. సారమ్మ ముట్టుకుంది గదా! తడవకుండా లోపలికెలా వస్తారు?"

"కాస్త కాచి పొయ్యరాదుటే!"

"కాచిన నీళ్ళకు మైల పోతుందా?"

వీరరాఘవమ్మ గురజాల కరణం గారి తల్లి. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి కర్రలా పడిపోయింది. కదలదు. కానీ పగలూ రేయీ పచ్చిమిరపకాయ నూరి పూసినట్టు మండుతుంది. కొంగు తగిలినా, చల్లగాలి సోకినా ప్రాణం పోతుంది.

గుంటూరు డాక్టరు సూదితో పొడిచి చూసి, "చచ్చిన చెయ్యికి మంటేమిటండీ? అంతా భ్రమ" అన్నాడు.

కొడుకు కృష్ణయ్య నమ్మేశాడు. మంట ఆయనది కాదుగా!

వీరరాఘవమ్మ మాట నమ్మింది సారమ్మ ఒక్కతే. రెంటచింతల నుంచి, ఎవరూ పిలవకుండానే, ఒకనాడు పెరటి దోవన వచ్చింది. చెప్పుల్లేని కాళ్ళు, మెళ్ళో నల్లదారానికి సిలువ. ఆముదపాకు సెగకు వెచ్చజేసి చేతి మీద పరిచింది. పైన తన అరచెయ్యి ఆనించింది. నిమరలేదు, రుద్దలేదు. బరువుగా అట్టే ఉంచింది.

మంట అణిగింది. వీరరాఘవమ్మ కూర్చున్నచోటే కునుకు తీసింది.

ఆనాటి నుంచి వారం వారం వచ్చేది. సందు మొదట్లో గూడుబండి దిగి నడిచి వచ్చేది. ఆమె అటు వెళ్ళగానే ఇటు బావి నీళ్ళు. అణిగిన మంట భగ్గుమనేది.

మడి అంటే అదీ! మంట తగ్గించిన చెయ్యి మైల, మంట పెంచిన నీళ్ళు పవిత్రం.

మళ్ళీ వారం వచ్చినప్పుడు వీరరాఘవమ్మ అడిగింది.

"ఈ వైద్యం ఎవరు నేర్పారే నీకు?"

"మా కోడలండీ, అమ్మగారూ. చిన్నప్పుడు కాళ్ళు పీకితే వాళ్ళమ్మ ఇట్టాగే పెట్టేదంట."

ఏ తల్లయినా పెట్టేదే, అనుకుంది వీరరాఘవమ్మ. తనూ పెట్టేది.

"మీకు ఆడపిల్లల్లేరా అమ్మగారూ?"

పేరు గొంతు దాకా వచ్చింది. యశోద. చిన్నతనంలోనే బొట్టు చెరిపించుకున్న పిల్ల, మళ్ళీ పెళ్ళాడి గడప దాటింది. ఎవరిని చేసుకుందో, ఏ ఊరు పోయిందో ఈ ఇంట్లో ఎవరూ ఆరా తీయలేదు. కృష్ణయ్య కుండ పగలగొట్టి, బతికున్న చెల్లెలికి ఘటశ్రాద్ధం పెట్టాడు. ఆ పిండాలకు బియ్యం కడిగి ఇచ్చింది తనే.

గుమ్మంలో ధనలక్ష్మి చెవులు రిక్కించి నిలబడి ఉంది.

"లేరు" అంది వీరరాఘవమ్మ.

సారమ్మ ఒకసారి సందు వైపు చూసింది.

"ఉంటే పిలిపించుకుంటారేమోనని..."

"లేరన్నానా! నువ్వూ ఇక రాకు. నువ్వు తాకితే నీళ్ళు పోస్తారు. నావల్ల కాదు."

సారమ్మ లేచింది. "చానా మండినప్పుడు ఆకు మరవబాకండి" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

ధనలక్ష్మి ఆకు వేసేది. ఆకే. దానిమీద బరువు లేదు. సందులో ఎద్దుల మువ్వలు వినబడితే చాలు, వీరరాఘవమ్మ మెడ అటు తిరిగేది. ఎవరెవరి బళ్ళో వచ్చేవి, పోయేవి.

చివరికి ఓ పొద్దున పాలేరును కేకేసింది.

"ఒరేయ్ యల్లమందా, బండి కట్టు. సారమ్మను తీసుకురా. ఎవరేమన్నా ఈసారి నీళ్ళు పోయనివ్వనని చెప్పు."

"అట్టాగేనమ్మా."

"ఇంకోమాట. నాకో కూతురుందని చెప్పు."

లోపల ధనలక్ష్మి చేతిలోంచి గరిటె జారింది. వీరరాఘవమ్మ అటు చూడలేదు.

పొద్దుగూకే వేళకు యల్లమంద ఖాళీ బండితో వచ్చాడు.

"లేదమ్మా. కొడుక్కి ఏడనో బడి పంతులు పనంట. ఇల్లంతా ఎత్తుకొని పోయినారు. ఏ ఊరో ఎవురికీ తెలవదు."

"ఎవరినీ సరిగ్గా అడగలేదేమిరా?"

"అడిగానమ్మా." వాడు తలగుడ్డ విప్పి చేతుల్లో నలిపాడు.

"సారమ్మ మీ వియ్యపురాలంటమ్మా. ఈడకొచ్చినప్పుడల్లా, మీరు పిలుస్తారేమోనని, యశోదమ్మ ఆ గూడుబండిలోనే కూర్చొని ఉండేదంట."