దిబ్బ మీది ఓటు

నడిసముద్రంలో కొన్ని చిన్న దీవులు. అన్నిటికన్నా చివరి దిబ్బ మీద ఒక ముసలి పీత ఒంటరిగా ఉండేది. ఏటికేడు పోటు నీళ్లు ఇంకాస్త లోపలికొస్తున్నాయని తక్కిన పీతలన్నీ పెద్దదీవికి వెళ్లిపోయాయి.

ఆ ఏడాది దీవుల సభకు ఎన్నికలొచ్చాయి. కొంగ ఎగిరొచ్చి, "అవ్వా, బాగున్నావా? ఈసారి నీ ఓటు నాకే వెయ్యాలి" అంది.

పీతకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్లకో ఒకరు పలకరించారు! "ఆలోచించుకోనీ నాయనా, రేపు రా" అంది. మర్నాడు తాబేలు కూడా ఓటు కోసం ఈదుకుంటూ వస్తే దానికీ అదే మాట చెప్పింది. ప్రచారం సాగినన్నాళ్లూ దిబ్బ మీద మాటలు వినిపించాయి.

ముందుగా పలకరించింది కదా అని పీత కొంగకే ఓటు వేసింది. కొంగ గెలిచింది. పీత రోజూ ఆకాశంకేసి చూసేది. కొంగ మళ్లీ రాలేదు.

ఒక సాయంత్రం నీళ్లలో అలికిడైంది. ఓడిపోయిన తాబేలు వచ్చింది.

"నేను నీకు వెయ్యలేదయ్యా" అంది పీత, కళ్లు దించుకుని.

"పోనీలే అవ్వా. ఓడినప్పటినుంచీ నా గడప కూడా ఎవరూ తొక్కడం లేదు. కాసేపు కూర్చోనా?"

పీత పక్కకు జరిగి, ఇసుకలో చోటిచ్చింది.