కృపావతి గొంతు

మాంద్యం ముదిరాక, ఉద్యోగం పోయిందని చెప్పే పనిని బట్టల ఫ్యాక్టరీలు కంప్యూటర్‌కి అప్పగించాయి. సూపర్‌వైజర్ల మనసు కుంగిపోకుండా, వాళ్ల గొంతుతోనే అది పనివాళ్లకి ఫోన్‌ చేసి మెత్తగా చెప్పేసేది. సూపర్‌వైజర్ కృపావతి కూడా మొదట్లో హమ్మయ్య అనుకుంది. కానీ ఆ ఫోన్లు అందుకున్నవాళ్లు దారిలో ఆమె ఎదురైతే ముఖం తిప్పుకునేవారు.

ఈసారి మస్తానమ్మ వంతు వచ్చింది. కృపావతికి కుట్టుపని నేర్పింది ఆవిడే. ఫోన్ వెళ్లకుండా ఆపించి, టీ వేళ కృపావతే వెళ్లి పక్కన కూర్చుంది.

"పిన్నీ, రేపట్నుంచి నీకు పని లేదు. ఆపాలని చూశాను, నావల్ల కాలేదు."

మస్తానమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది.

"ఆ కంప్యూటరైతే నాలుగు తిట్టి ఫోన్ పెట్టేసేదాన్ని. నిన్నేమనను?"

కృపావతికి ఏడుపు ఆగలేదు. మస్తానమ్మ తన టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, కత్తెర సంచిలో వేసుకుని గేటు వైపు నడిచింది.